జవాబివ్వని పెట్టెకు ప్రార్థనలు

ఎస్తేరు ఉద్యోగం ఏమిటో రాజోలులో ఉన్న వాళ్ళక్కకి చివరిదాకా అర్థం కాలేదు. ఉత్తరాలు రాయదు, మోయదు, ఉత్తరాలు బయలుదేరే గుమ్మాల పరువు కాపాడుతుంది. మాదాపూర్‌లో ఆమె పనిచేసే కంపెనీ ఊళ్ళో అందరి తరఫునా లక్షల కొద్దీ మెయిళ్ళు పంపుతుంది. చీరల తగ్గింపులు ఒక గుమ్మం నుంచి, వార్తలు ఇంకో గుమ్మం నుంచి, ఆసుపత్రి అపాయింట్‌మెంట్లు మరో గుమ్మం నుంచి. ఒక్కో గుమ్మానికి ఒక సబ్‌డొమైన్ పేరు, ఒక ఐపీ అడ్రసు. ఏ గుమ్మం నుంచి వచ్చింది జనం తెరిచి చదువుతున్నారో, ఏది చూడకుండానే పారేస్తున్నారో పెద్ద మెయిల్ కంపెనీల యంత్రాలు కనిపెట్టి, పరువున్నదాన్ని ఇన్‌బాక్స్‌లోకి, లేనిదాన్ని స్పామ్‌లోకి తోస్తాయి. ఎస్తేరుకు సంబంధాలు చూసిన రోజుల్లో మగపెళ్ళివారు కూడా అంత ఆరా తీయలేదు. ఇప్పుడా ఆరాలూ లేవు. నలభైకి దగ్గరపడ్డాక అడిగేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే మానేశారు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైన నెలలో ఆసుపత్రి గుమ్మం పరువు పోయింది. పోగొట్టినవాడు కిరణ్ పాల్, హన్మకొండవాడు, సేల్స్ మేనేజరు. చీరల గుమ్మం నెమ్మదిగా ఉందని దసరా ఆఫర్లన్నీ ఆసుపత్రి గుమ్మంలోంచి తోసేశాడు. డయాలసిస్‌కి రమ్మని పంపిన మెయిళ్ళు కూడా మర్నాటి నుంచి స్పామ్‌లో పడ్డాయి. నెలాఖరులోగా సరిచేయకపోతే వేరే కంపెనీకి పోతామన్నారు ఆసుపత్రివాళ్ళు.

"ఆళ్ళు పోతే నీ కుర్చీ గూడ పోతదక్కా. జర చూడు," అన్నాడు కిరణ్ పాల్. తన కుర్చీ సంగతి ఏమీ అనలేదు. అది చక్రాల కుర్చీ, ఎటు కావాలంటే అటు జరుగుతుంది.

కుర్చీ పోతే రాజోలు వెళ్ళి అక్క ఇంట్లో ముందుగదిలో మంచం వేసుకోవాలి. అంతకంటే ఎస్తేరును కలతపెట్టిన సంగతి ఇంకొకటుంది. తను వెళ్ళిపోయినట్టు ఈ ఊళ్ళో ఎవరికి తెలుస్తుందో ఎంత ఆలోచించినా ఆమెకు ఒక్క పేరూ తట్టలేదు.

ఆసుపత్రికి కొత్త సబ్‌డొమైన్, కొత్త ఐపీ తీసుకుంది. కొత్తదానికి చెడ్డపేరు ఉండదు, మంచిపేరూ ఉండదు. మొదట కొద్దిమందికే పంపాలి. వాళ్ళు తప్పకుండా తెరవాలి, స్పామ్‌లో పడితే బయటికి తీయాలి, వీలైతే జవాబు రాయాలి. అది చూసి యంత్రాలు మెత్తబడతాయి. అప్పుడు కొంచెం కొంచెంగా సంఖ్య పెంచుకుంటూ పోవాలి. మామూలుగా ఆఫీసువాళ్ళే ఆ మొదటి కొద్దిమంది. కానీ బస్సులు ఆగిపోయి అందరూ ఇళ్ళల్లో కూర్చున్నారు. తెరవమని బతిమాలితే సరేనన్నారు గానీ తెరవలేదు. తనుండే నిజాంపేట నుంచి దొరికినంత దూరం షేర్ ఆటోలో, మిగతాది నడిచి, ఎస్తేరు ఒక్కతే వచ్చి ఖాళీ అంతస్తులో కూర్చునేది. ఏసీ మాత్రం అందరికీ సరిపడా వేసేవాళ్ళు.

ఆదివారం బాచుపల్లి చర్చిలో ఆమెకు ఆలోచన తట్టింది. స్త్రీల కూడికలో టీచర్లు, నర్సులు చాలామంది, అందరికీ మెయిల్ ఉంది. ఆ రోజుల్లో ఆరాధన అయ్యాక చాయ్ దగ్గర రెండు గుంపులయ్యేవి, ఇటువాళ్ళు ఇటు, అటువాళ్ళు అటు. ఎస్తేరు ఏ గుంపులోనూ ఇమడక, వెనక బల్ల మీంచి లేచి నేరుగా గేటు దారి పట్టేది. ఆ రోజు ధైర్యం చేసి, కూడిక నడిపే రత్నమాల టీచరు దగ్గరికి వెళ్ళింది. ఆవిడది కరీంనగర్, గొంతు పెద్దది.

"దవాఖాన మెయిల్ మేమెందుకు తెరవాలె? మాకేం రోగం లేదు గద," అంది రత్నమాల.

ఆసుపత్రికి మేలు, ఆరోగ్యం మాటలే వస్తాయని నచ్చజెప్పింది ఎస్తేరు. "తెరిచి, రెండు ముక్కలు జవాబు రాయండి చాలు."

"ఏం రాయాలె?"

"మీకేది తోస్తే అదండి."

అక్కడే పొరపాటయింది. స్త్రీల కూడికను తోచింది రాయమంటే వాళ్ళకు తోచేది ఒకటే. నీళ్ళు మరిగించి తాగండి అని వెళ్ళిన మెయిల్‌కి ప్రార్థన మనవులు వచ్చిపడ్డాయి. ఒకావిడ భర్త బీపీ కోసం, ఒకావిడ మూతపడ్డ బడి కోసం ప్రార్థించమంది. తెలంగాణ రావాలని ఒకరు, ఉన్నది ఉన్నట్టే ఉండాలని ఇంకొకరు, జవాబులు పడే ఒకే పెట్టెలో పక్కపక్కనే. నిబంధన ప్రకారం ఆ పెట్టెను ఎవరూ తెరవరు, ఎవరూ జవాబివ్వరు. ఎస్తేరు మాత్రం రోజూ తెరిచి, టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని అన్నీ చదివేది. చర్చిలో పలకరించని మనుషుల మోకాళ్ళ నొప్పులు, అల్లుళ్ళ కోపాలు ఆమెకు కంఠతా వచ్చేశాయి. వెనక బల్ల మీంచి ఆ వీపులు చూస్తూ ఎవరిది ఏ బాధో లోలోపల సరిచూసుకునేది.

యంత్రాలకు ప్రార్థన అని తెలియదు. మనుషులు విడవకుండా జవాబు రాస్తున్నారని మాత్రం తెలిసింది. గుమ్మం పరువు పెరిగింది. నెలాఖరుకు ముందే అపాయింట్‌మెంట్లు రోగుల ఇన్‌బాక్స్‌లో పడ్డాయి, ఆసుపత్రి నిలిచింది, కుర్చీ నిలిచింది.

"ఇగ ఆ చర్చోళ్ళకు ఆపెయ్యక్కా. జవాబుల పెట్టె గూడ మూసెయ్యి," అని ఫోన్‌లో చెప్పాడు కిరణ్ పాల్.

మూసేముందు ఎస్తేరు చివరిసారి తెరిచింది. రత్నమాల రాసింది ఉంది. "ఈ పని మాకు చెప్పిన పిల్ల ఎస్తేరు వెనక బల్ల మీద కూసుంటది. సమ్మెల గూడ నడిచి పోతున్నదట. ఇంట్ల ఎవరు లేరు. ఎట్లున్నవంటె బాగున్ననండి అంటది, ఆ మాట నేను నమ్మను. దవాఖానోళ్ళు ఆమె కోసం ప్రార్థన చెయ్యాలె."

ఎస్తేరు డబ్బా మూత పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది. ఆసుపత్రి గుమ్మం నుంచి జవాబివ్వడానికి లేదు. తన సొంత అడ్రసు నుంచి రత్నమాలకు రాసింది, చాలాసేపు దిద్ది, చివరికి నాలుగు మాటలు. బాగున్నానన్న మాట వాటిలో లేదు. వారమంతా జవాబు కోసం చూసింది. రాలేదు.

ఆదివారం చాయ్ దగ్గర నిలబడి, తన మెయిల్ అందిందా అని అడిగింది.

"నీదేం రాలే," అంది రత్నమాల. "దవాఖానది వస్తుండె, అది గూడ బందయింది."

ఎక్కడ పడి ఉంటుందో ఎస్తేరుకు తెలుసు. ఆ అడ్రసు నుంచి ఈ ఊళ్ళో ఎవరికీ ఏనాడూ ఒక్క ముక్క రాయలేదు. ఊళ్ళో అందరి గుమ్మాలకూ పరువు తెచ్చింది గానీ, తన గుమ్మాన్ని యంత్రాలు ఇంకా చూడనేలేదు. స్పామ్‌లో వెతకండి అనబోయి ఊరుకుంది. కొత్త గుమ్మం నుంచి మొదటిసారే అంత పెద్ద సంగతి పంపకూడదు.

"మీ బడి తెరిచారాండి?" అంది.

"యాడ తెరుస్తరు," అంది రత్నమాల. కాసేపు ఆమె మొహం చూసి, చాయ్ గ్లాసు చేతికిచ్చింది. "చక్కెర తక్కువున్నది. తాగు."

ఎస్తేరు తాగింది. బాగుందండి అనబోయి, "అవును, తక్కువే," అంది.

ఆ పై ఆదివారం ఆమె వెనక బల్ల వదిలి, దాని ముందు బల్ల మీద కూర్చుంది. ముందు ఇంకా చాలా బల్లలున్నాయి. తొందరపడలేదు.