బోర్లించని పడవ

ఎండాకాలం వస్తే కందకుర్తి రేవులో పడవలన్నీ బోర్లా పడుకుంటాయి. గోదావరి ఇసుక తేలి, అక్కడొక మడుగు ఇక్కడొక మడుగు మిగులుతుంది. జూలైలో ఎగువన బాబ్లీ బ్యారేజీ గేట్లు తెరిచి నీళ్లు వదిలేదాకా మా వాళ్లకు పడవతో పని ఉండదు, పడవ మీద పని ఉంటుంది. అడుగున పట్టిన పాచి గీకాలి. కుళ్లిన పలక తీసి కొత్తది వేయాలి. పలకల సందుల్లో పాత పత్తి పీకి, కొత్త పత్తి కూరి, డాంబరు పోయాలి. దీనికోసం పదిమంది చేయి వేసి ఒక్కో పడవనూ బోర్లిస్తారు.

ఆ ఏడు మా పడవ ఒక్కటే బోర్లా పడలేదు. నీలం ప్లాస్టిక్ తాటిపత్రి పట్టా కప్పుకుని ఒడ్డు మీద వెల్లకిలా ఉండిపోయింది.

మాది కిరాయి పడవ. తాత కాలం నాటి టేకు చెక్క. మూడు నదులు కలిసే చోటికి మొక్కుల వాళ్లను, అస్థికలు తెచ్చిన వాళ్లను తీసుకుపోతుంది. అస్థికలతో వచ్చిన వాళ్లను మా బాపు లింబాద్రి నది నడుమ ఒక మాట అడుగుతాడు: "పేరు?" వాళ్లు చెప్పగానే పడవ తోసే గడ ఆపి, నీళ్ల వైపు తిరిగి గట్టిగా పిలుస్తాడు. "తల్లీ, ఫలానా మనిషి వచ్చిండు, తీస్కో." ఆ తర్వాతే కుండ వంచాలి. తాత నుంచి వచ్చిన పద్ధతి ఇది. బ్రాహ్మడు మంత్రం చదివినా, చదవకపోయినా బాపు పేరు పిలవకుండా మా పడవలో ఎవరి అస్థికలూ నీళ్లలో కలవలేదు. అలా అనుకునేదాన్ని నేను.

కిందటి ఏడు నీళ్లు వచ్చిన కొత్తలో నది నడుమ మా పడవలోకి నీళ్లు ఊరాయి. పక్క పడవ వాళ్లు వచ్చి అందరినీ ఒడ్డుకు చేర్చారు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ రోజే బాపు పడవను ఒడ్డుకు గుంజి, తాటిపత్రి కప్పేశాడు. వానాకాలమంతా గాలికి అది లేచినప్పుడల్లా పరుగెత్తుకుపోయి రాళ్లు పెట్టి వచ్చేవాడు. ఆ సీజన్ అట్లాగే పోయింది. అవ్వ, అంటే మా అమ్మ, బీడీలు చేసింది. బోధన్‌లో ప్రైవేటు బడిలో నేను పాఠాలు చెప్పాను. బాపు వేరే వాళ్ల పడవల మీద కూలికి పోయాడు, ముప్ఫై ఏళ్లు సొంత పడవ నడిపిన మనిషి.

మే నెలలో బడికి సెలవులు ఇచ్చాక పడవల వడ్రంగి వడ్ల ఎర్రన్న పెద్దబాపును పిలుచుకొచ్చాను. ఆయన తాటిపత్రి ఓ మూల ఎత్తి, సుత్తి వెనక వైపుతో పలకల మీద కొట్టి విన్నాడు.

"ఎండి పగులుతున్నది బిడ్డా. పలకలు మంచిగున్నయ్, సందులే నోర్లు తెరిసినయ్. ఈ ఎండకాలం సేస్తె ఇంకో ఇరవై ఏండ్లు నడుస్తది. సెయ్యకుంటె పొయిలకే."

"చేద్దాం పెద్దబాపు. ఎప్పుడు బోర్లిద్దాం?"

ఆయన బాపు వైపు చూశాడు. బాపు ఇసుకలో కూర్చుని బీడీ ముట్టించుకుంటున్నాడు.

"బోర్లించేది లేదు," అన్నాడు బాపు.

"ఏందిరా, పెండ్లాంతోని అలిగినట్టు పడవతోని అలిగినవ్? బోర్లించకుంట అడుగు పని ఎట్ల జేస్తరు? నేనేమన్న మడుగుల మునిగి కింది నుంచి కొట్టాల్నా?"

"నేను పిలిసిన్నా నిన్ను?"

ఎర్రన్న పెద్దబాపు సుత్తి భుజాన వేసుకుని, "నీ బిడ్డ సదువుకున్నది, నాకు శాయి పోసింది, అందుకే ఊకుంటున్న," అని లేచి వెళ్లిపోయాడు.

ఇంటికి వచ్చాక అవ్వతో చెప్పాను. అవ్వ చాటలో బీడీల తునికాకు కత్తిరిస్తూ తల ఎత్తలేదు. "నన్ను గూడ ముట్టనిస్తలేడు పోరీ. పోయిన దసరకు పూజ చేద్దామంటె తాటిపత్రి మీంచే బొట్టు పెట్టుమన్నడు. ఏం దాసిండో అండ్ల."

ఏమీ దాచలేదని నాకు తెలుసు. అయినా ఆ మాట మనసులో ఉండిపోయింది. బోర్లించకపోతే పోనీ, ముందు లోపలన్నా శుభ్రం చేద్దామనుకున్నాను. మరునాడు పొద్దున బాపు మడుగు వైపు పోయినప్పుడు తాటిపత్రి తీసి, చీపురు పట్టుకుని పడవలోకి దిగాను. అడుగున బూడిద రంగు మన్ను పొరలా ఎండి ఉంది. రెండు చేతుల మేర ఊడ్చానో లేదో, వెనక నుంచి కేక.

"చీపురు పెట్టకు!"

బాపు అంత గట్టిగా నా మీద ఎప్పుడూ అరవలేదు. పరుగెత్తుకొచ్చి నా చేతిలో చీపురు గుంజుకుని దూరం విసిరేశాడు. నేను ఊడ్చి పెట్టిన మన్నును రెండు అరచేతులతో మళ్లీ పడవ అడుగునే పరిచాడు.

"బాపూ, ఏముంది ఇందులో?"

బాపు పడవ అంచు మీద కూర్చుని, మన్ను అంటిన చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"ఓ అమ్మ ఉన్నది బిడ్డా."

అప్పుడు చెప్పాడు. కిందటి ఏడు అందరికంటే ముందు పడవ దించాలని తొందరపడ్డాడు. ఎండిన చెక్క నీళ్లు తాగి ఉబ్బితేనే సందులు మూసుకుంటాయి. అందుకే దించే ముందు పడవలో నీళ్లు నింపి, ఊరబెట్టాలి. ఆ ఏడు ఊరబెట్టలేదు. బోధన్ నుంచి బాపురావు అనే పెద్దమనిషి భార్య అస్థికలు తెచ్చాడు. నది నడుమ సందుల్లోంచి నీళ్లు ఊరాయి, జనం అటూ ఇటూ కదిలారు, కుండ జారి పడవలోనే పగిలింది. బూడిద ఆ నీళ్లలో కలిసింది. బాపు డబ్బాతో నీళ్లు తోడి బయటికి పోస్తూనే ఉన్నాడు. బాపురావు కళ్లకు అప్పుడు పొరలు. ఏమైంది, ఏమైంది అని అడిగాడు.

"కలిసింది సాబ్, గంగల కలిసింది అన్న. ఆయన దండం పెట్టిండు. నాగ్గూడ పెట్టిండు." బాపు మన్ను అంటిన అరచేతులు చూసుకున్నాడు. "పేరు గూడ పిలువలే. తోడింది సగం పోయింది. మిగిలింది అడుగున పేరింది, సందులల్ల పత్తిల ఇంకింది. బోర్లిస్తె ఇసుకల రాలుతది, కుక్కలు తొక్కుతయ్. డాంబర్ పోస్తె లోపల్నే ఉంటది. ఏం జెయ్యాలె నేను?"

డిగ్రీ చదివినా, బీఈడీ చదివినా ఇలాంటి దానికి ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు.

"ఆయనకు చెప్పాలె బాపూ," అన్నాను చివరికి. "ఫోన్ నంబరు దొరుకుతుందేమో అడుగుతా."

"ఫోన్ల జెప్పే మాట గాదు."

మరునాడు ఇద్దరం బస్సులో బోధన్ పోయాం. బాపురావు చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయిన మనిషి. శక్కర్‌నగర్‌లో రెండు మూడు చోట్ల అడిగితే ఇల్లు చూపించారు. తలుపు ఆయనే తీశాడు. కళ్లకు ఆపరేషన్ అయినట్టుంది, నల్లద్దాలు పెట్టుకున్నాడు. బాపును గుర్తుపట్టి నవ్వాడు.

"అరె, గంగపుత్రుడా! రా రా, కూసో. బేటీ, నువ్ గూడ రా."

బాపు గడప దాటలేదు. చెప్పులు విడిచి, నిలబడే అంతా చెప్పాడు. ఏదీ తగ్గించలేదు. నీళ్లు తాపకుండా దించానన్నాడు, అబద్ధం చెప్పానన్నాడు, పేరు పిలవలేదన్నాడు, పడవను అప్పటినుంచి నీలం తాటిపత్రి కిందే ఉంచానన్నాడు.

బాపురావు నల్లద్దాలు తీశాడు.

"ఆమెకు పడవంటె భయం," అన్నాడు మెల్లగా. "నాందేడ్‌ల పుట్టింది, గోదావరి ఒడ్డున్నే పెరిగింది. ఒక్కనాడు ఎక్కలే. నేను నవ్వుతుంటి. బతికున్నప్పుడు ఎక్కని మనిషిని సచ్చినంక ఏడాది పడవల కూసోవెడ్తివా?"

బాపు తల వంచుకున్నాడు.

"నాకు కనవడకపోయె. నువ్ కలిసిందన్నవ్, నేను నమ్మిన. రోజు స్నానం జేసేటప్పుడు గోదారిల ఉన్నదనుకుని దండం పెట్టుకున్న. ఎవరికి పెట్టిన మరి?" గొంతు పెరిగింది. "పో. పోవయ్యా ఇక్కడ్నుంచి."

తలుపు మూసుకుంది.

బస్సులో బాపు కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. దారి పక్కన చెరకు తోటలు ఎండకు వాలి ఉన్నాయి. రెంజల్ దాటాక ఒక్క మాట అన్నాడు: "ఆయన రాకుంట నేను పడవ ముట్ట."

అన్నట్టే ముట్టలేదు. జూన్ వచ్చింది. రేవులో మిగతా పడవలకు డాంబరు పని అయిపోయి, రంగులు కూడా వేస్తున్నారు. మొదటి వానలు పడ్డాయి. బాపు తాటిపత్రి కింద వెదురు కట్టెలు పెట్టి, పడవలో చుక్క పడకుండా పందిరిలా ఎత్తాడు. ఎర్రన్న పెద్దబాపు దారిన పోతూ ఆగేవాడు కానీ జోకులు మానేశాడు. అవ్వ ఒక రాత్రి అన్నం పెడుతూ అడిగింది.

"ఆయన రాకపోతె?"

"రాకపోతె గట్లనే ఉంటది."

"చెక్క పోతది గద?"

"పోనీ."

అవ్వ ఆయన కంచంలో ఇంకో ముద్ద అన్నం వేసింది.

నేను మళ్లీ బోధన్ పోదామనుకున్నాను. బతిమాలాలనుకున్నాను. కానీ ఆ తలుపు తట్టే హక్కు నాకు ఎక్కడిది? పోలేదు.

ఒక పొద్దున రేవు దగ్గర ఆటో ఆగింది. బాపురావు దిగాడు. చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా, చంకలో గొడుగు. ఎవరినీ అడగకుండా నీలం తాటిపత్రి చూసి నేరుగా మా పడవ దగ్గరికి వచ్చాడు. బాపు లేచి నిలబడ్డాడు. బాపురావు పడవ చుట్టూ ఒకసారి నడిచి, పందిరి కింద నీడలో నిలబడి లోపలికి చూశాడు.

"వానకు తడవనియ్యలేదా?"

"లేదు సాబ్."

"మొన్నటి గాలివానకు మా రేకులు లేసిపోయినయ్." తాటిపత్రి తాళ్లు పట్టి చూశాడు. "గట్టిగనే కట్టినవ్." ఇసుకలో రుమాలు పరుచుకుని కూర్చున్నాడు. "ఏం జెయ్యాల్నో జెయ్. నేను సూస్త."

ఆ రోజు నుంచి పని మొదలైంది. అవ్వ కొత్త కుండ కడిగి తెచ్చింది. బాపు అడుగున ఎండిన మన్నును మెత్తటి బట్టతో కూడదీసి కుండలో వేశాడు. తర్వాత ఎర్రన్న పెద్దబాపు సన్న ఉలితో సందుల్లోంచి పాత పత్తి పీకుతుంటే, నేను కింద తెల్ల గుడ్డ పట్టాను. నల్లటి, గట్టిపడిన పత్తి. ఒక్క పోగు కూడా ఇసుకలో పడనివ్వలేదు. బాపురావు రోజూ పదింటికి వచ్చి సాయంత్రం దాకా కూర్చునేవాడు. బాపుతో పెద్దగా మాట్లాడేవాడు కాదు. మధ్యాహ్నం డబ్బా విప్పుకుని ఒక్కడే తినేవాడు. అవ్వ పచ్చిపులుసు తెచ్చి పక్కన పెడితే మొదటి రోజు ముట్టలేదు. తర్వాతి రోజు తాగి, "ఉప్పు తక్కువైంది బాయి," అన్నాడు. అవ్వకు ఆ మాటతో ప్రాణం లేచి వచ్చింది.

ముందు వైపు పలక సందులోంచి తెల్లటి చిన్న ముక్క ఒకటి రాలింది. సున్నపు రాయో, ఎముకో. ఎర్రన్న పెద్దబాపు ఉలి ఆపేశాడు. బాపురావు లేచి వచ్చి, దాన్ని అరచేతిలోకి తీసుకుని ఎండలో చూశాడు. తనే కుండలో వేసి, పైన గుడ్డ కప్పాడు.

సందులన్నీ ఖాళీ అయ్యాక బాపు బకెట్లతో నీళ్లు పోసి పడవ లోపల కడిగి, ఆ కడిగిన నీళ్లు కూడా ఒక బిందెలోకి తోడాడు. అప్పుడు అన్నాడు: "ఇగ బోర్లించొచ్చు."

పదిమంది వచ్చారు. చేయి వేసిన వాళ్లలో బాపురావు ఒకడు.

అడుగు పని, పత్తి కూరడం, డాంబరు అయ్యేసరికి జూలై వచ్చేసింది. గేట్లు తెరిచారు. ఇసుక మీద మొదట సన్న పాయలా, తర్వాత ఎర్రగా, వెడల్పుగా గోదావరి వచ్చింది. మిగతా పడవలు దిగాయి. మొక్కుల వాళ్లు రావడం మొదలైంది. మా పడవ మాత్రం మళ్లీ వెల్లకిలా తిరిగి, ఒడ్డు మీద కడుపు నిండా నీళ్లతో కూర్చుంది. అడుగు నుంచి చుక్కలు కారుతున్నాయి. కారినంత బాపు మళ్లీ నింపుతున్నాడు.

"ఇంకెంత తాపుతవ్‌రా?" అన్నాడు ఎర్రన్న పెద్దబాపు. "బతుకంత కలిపి నేను తాగిన కల్లు గూడ ఇంతుండదు."

"తాగనీ."

"అవతల కిరాయిలు పోతున్నయ్."

"పోనీ అన్నా. తాగనీ."

పడవ కింది ఇసుక పొడిగా కనిపించిన రోజు దాకా ఆగాడు. ఆ రోజు కూడా చెయ్యి పెట్టి తడిమి, ఇంకో పూట ఆగాడు. అప్పుడు నీళ్లు తోడేసి, పడవను నదిలోకి దించాం.

మొదటి కిరాయి ఎవరికీ ఇవ్వలేదు. బాపు గడ పట్టాడు. అవ్వ బిందె పట్టుకుంది. నేను బాపురావు పక్కన కూర్చున్నాను. ఆయన కుండను రెండు చేతులతో ఒళ్లో పట్టుకుని, చూపు పడవ అడుగు మీదే పెట్టాడు. నేను కూడా అక్కడే చూస్తున్నాను. నీళ్లు కలిసే చోట రంగు మారుతుంది, మంజీర నీళ్లు కొంచెం నల్లగా వచ్చి ఎర్రటి నీళ్లలో కలుస్తాయి. అక్కడ బాపు గడ ఆపాడు.

"పేరు?" అని అడిగాడు, తెలియనట్టే.

బాపురావు ఆయన ముఖం వైపు చూశాడు. "గంగుబాయి," అన్నాడు.

బాపు నీళ్ల వైపు తిరిగాడు. గట్టిగా పిలిచాడు.

"తల్లీ, గంగుబాయి వచ్చింది. ఆలస్యమైంది, తప్పు నాది. తీస్కో తల్లీ."

బాపురావు కుండ వంచాడు. బూడిద, నల్లటి పత్తి, ఆ తెల్ల ముక్క. పత్తి వెంటనే మునగలేదు, కొంతదూరం పడవ వెంటే వచ్చి, తర్వాత ప్రవాహంలో పడి పోయింది. అవ్వ బిందెలోని నీళ్లు నదిలో పోసింది. ఆఖర్న కుండ కూడా వదిలాం.

తిరిగి వచ్చేటప్పుడు రేవు మెట్లు కనిపిస్తుండగా బాపురావు అడిగాడు.

"నీళ్లొచ్చినయా లోపలికి?"

బాపు గడ నాకు ఇచ్చి, వంగి, పడవ అడుగున ముందు నుంచి వెనక దాకా పలకల మీద అరచేయి రాసుకుంటూ వచ్చాడు. ఆ చేయి బాపురావు ముందు చాపాడు. పొడిగా ఉంది. డాంబరు మరక తప్ప ఏమీ లేదు.

బాపురావు ఆ అరచేతి మీద వేళ్లు పెట్టి చూశాడు, కళ్లతో చూసింది చాలదన్నట్టు. తర్వాత ఆ చేతినే పట్టుకుని ఒడ్డుకు దిగాడు.