రెండు మార్కుల సీసా

విమర్శకులు ఏటా మేటివని ప్రకటించే వైన్లను పేరు చూడకుండా రుచి చూసి, సొంతంగా మార్కులేసి పత్రికలో రాయడం పన్నెండేళ్లుగా ఆయన పని. బావమరిది సీసాలకు కాగితం చుట్టి, అంకె వేసి పోస్తాడు. ఆయన పుక్కిలించి ఉమ్ముతాడు. సాయంత్రానికి నోరు మొద్దుబారింది.

"మూడోదానికి తొంభై, తొమ్మిదోదానికి డెబ్బై. ఖాయమేనా బావా?"

"రాసుకో."

"రెండూ ఒకే సీసాలోవి. నరంలేని నాలుక ఏమంటుందో చూద్దామని పోశాను."

ఆయనకు కోపం రాలేదు. తన మార్కులకు నిలకడ లేదని ఎప్పటికైనా ఎవరో పట్టుకుంటారని భయపడీ భయపడీ అలసిపోయాడు.

"ఏది వేయమంటావు?" అన్నాడు బావమరిది.

"రెండూ వెయ్యి. సీసా ఒకటేనని కూడా రాయి."

"ఇంకెవరు నమ్ముతారు మనల్ని?"

"నమ్మకపోతే పైఏడు ఈ పని మానేసి పడుకుందాంరా," అని ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.