శుక్రవారం నాటి అగ్గిపెట్టె

1949వ సంవత్సరం, శ్రావణ శుక్రవారం ఉదయం, గోపన్‌పల్లి చావడిలో హాజరైనవారి వరుస ఇది: కుర్చీలో మద్రాసు నుండి వచ్చిన కొత్త అధికారి, ఆయన కుడివైపున విశ్రాంత ఆంగ్లోపాధ్యాయుడనైన నేను, ఎడమవైపున పట్వారీ లింగమూర్తి, ఎదుట చేతులు కట్టుకొని బంట్రోతు ఎల్లేశం, గడప అవతల అతని భార్య చంద్రమ్మ.

అధికారికి తెలుగు రాదు, ఉర్దూ రాదు. ఇంగ్లీషులో చెప్పిన పని అందుకోగల బంట్రోతునే ఉంచుకుంటానని ఆయన ముందే కబురుపెట్టారు. పన్నెండేళ్ల కొలువు పోకుండా ఎల్లేశాన్ని సిద్ధపరచే భారం నాపై పడింది.

నాలుగు రోజులు బోధించాను. తక్కినవన్నీ పట్టుబడ్డాయి గాని, 'బారో', 'లెండ్' అనే రెండు మాటలు మాత్రం అతని నోట తారుమారవుతూనే ఉన్నాయి. కర్త, కర్మ, సంప్రదానం అని నేను వివరించినకొద్దీ అతనికి చెమటలు పట్టాయి. గురువారం నాడు పాలతోడు కోసం మా ఇంటికి వచ్చిన చంద్రమ్మ అది చూసి నవ్వింది.

"ఏంది, గింత పరేషాన్? నేను గిన్నె పట్టుకొని మీ ఇంటికొస్తే బారో. మీ ఇంట్ల అమ్మ నా గిన్నెల తోడు పోస్తే లెండ్. గంతే గద, పంతులయ్యా?"

"అంతే," అన్నాను, అయిష్టంగానే.

"శుక్కురారమైతే రెండూ లెవ్వు!"

"శుక్రవారానికీ ఇంగ్లీషుకూ సంబంధం లేదు," అని మందలించాను.

మరునాడు చావడిలో అధికారి చుట్ట నోట పెట్టుకొని, జేబులు తడుముకొని, ఎల్లేశం నడుముకు చుట్టిన దట్టీలోని అగ్గిపెట్టె చూపి, 'లెండ్' అన్నారు. ఎల్లేశం అగ్గిపెట్టెను అరచేతితో మూసి, వినయంగా వంగాడు.

"ఫ్రైడే, సార్. ఫైర్ నో లెండ్. టుమారో కమ్, బారో."

లింగమూర్తి తల పట్టుకున్నాడు. "మీ శిష్యుడు దొరనే రేపు రమ్మన్నడు!" అని నా చెవిలో గొణిగాడు.

శుక్రవారం మా ఇళ్లలో నిప్పు పరులకు ఇవ్వరని నేను ఇంగ్లీషులో విన్నవించుకోవలసి వచ్చింది. అధికారి చుట్ట చేతిలోకి తీసుకొని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. తమ తల్లిగారు కూడా శుక్రవారం ఉప్పు గడప దాటనివ్వరట. "మాట అర్థమైనవాడే కాదనగలడు," అని కొలువు ఖాయం చేశారు.

ఆ ఘనతకు అందరూ నన్నే అభినందించారు. నేను కాదనలేదు.

ఇన్నాళ్లకు ఆ తప్పు దిద్దుకుంటున్నాను. ఎల్లేశానికి ఆ రెండు మాటల తేడా నేర్పినది, తోడు గిన్నెతో మా గుమ్మంలో నిలిచిన చంద్రమ్మ. ఆమె చేసిన ఈ మేలును ఇందుమూలంగా అంగీకరించి, నా కృతజ్ఞతను సగౌరవంగా నివేదిస్తున్నాను.