హులిగమ్మ కంది

హులిగమ్మ తయారుచేసిన విత్తనపు కందిని ఆమె దినాలకే వండి ఊరికి పెట్టింది ఆడబిడ్డ ఉచ్చీరమ్మ. ఇందులో వాదించడానికేమీ లేదు.

ఆస్పరి దగ్గర సుంకప్ప చేను కందికి అచ్చిరాలేదు. పూత నాటికి ఎండు తెగులు తగిలి సాళ్లకు సాళ్లు మాడిపోయేవి. జొన్న వేద్దామన్నాడు సుంకప్ప. భార్య హులిగమ్మ ఒప్పుకోలేదు.

"తెగులుండే నేలలోనే ఎయ్యల్ల. అప్పుడు గదా ఏది బతుకుతాదో తెలిసేది."

చచ్చిన మొక్కల నడుమ పచ్చగా నిలిచినవాటికి చీర పేలికలు కట్టేది. ఏ చెట్టు కాయ ఆ చెట్టుకే ఒలిచి, కొన్ని గింజలు ఉడికించి మొగుడి నోట్లో పెట్టేది.

"ఎట్లుంది?"

"గడ్డి తిన్నట్టుంది."

"ఎద్దుల కాడ తిని సూసినావా ఏమి?" అని నవ్వేది. ఆ చెట్టు గింజ మాత్రం విత్తనంలో కలిపేది కాదు.

ఏళ్లు పట్టింది. జర్మనీ యుద్ధం మొదలైన ఏడు చేను ఎండకుండా నిలిచింది. పప్పు ఉడికితే వాసన వీధిలోకొచ్చింది. మేలైన చెట్ల గింజ ఒక బానకెత్తి, మిగిలింది ఆదోని మండీకి తోలారు.

ఆ పక్క ఊళ్లలో విత్తనాన్ని బూడిదలో దాస్తారు. పప్పుకు వాడే కందికే ఎర్రమన్ను పూస్తారు. ముందటేడు బూడిదలో పురుగు పడిందని హులిగమ్మ ఈసారి విత్తనానికీ ఎర్రమన్నే పూసింది. విత్తే అదను రాకముందే జ్వరంతో పోయింది.

దినాల నాడు పంక్తిలో కూర్చున్న సుంకప్పకు మొదటి ముద్దకే తెలిసింది. లేచి లోపలికి పోయి బాన చూశాడు. అడుగున ఎర్రటి దుమ్ము.

"అక్కా, ఈ బానలో కంది ఏం సేసినావు?"

"ఇసిరి పప్పు సేసినా. ఎర్రమన్ను పూసింటే పప్పుకే గదప్పా?"

"అది ఇత్తనం."

ఉచ్చీరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నాకెట్ల తెలుస్తాది? ఒక్క మాట సెప్పింటే..."

బయట ఎవరో అరిచారు: "ఇంగ రవ్వంత పప్పు తెండమ్మా! ఇట్లాంటిది ఆదోని సావుకార్లు గూడా తినింటారా?"

సుంకప్ప వచ్చి మళ్లీ కూర్చున్నాడు. విస్తట్లో మెతుకు మిగలకుండా తిన్నాడు.

వానలు పడ్డాక ఆ చేలో జొన్న విత్తుతుంటే ఉచ్చీరమ్మ వచ్చి గట్టున నిలబడింది.

"తిట్టప్పా. కొట్టు. ఏదో ఒకటి అను."

సుంకప్ప ఎద్దుల్ని నిలిపాడు.

"ఆ పొద్దు అడిగినా, నువ్వు సెప్పినావు. ఇంగ నేను సచ్చేదాకా ఆ మాట నా కాడ ఎత్తొద్దు. నేనూ ఎత్తను."