కుర్చీల ముందు నుంచి

“యాభై దాటాక నడక నేర్చుకోవడమా? రేపు పాకడం కూడా నేర్పుతారేమో, కనుక్కుని రా,” అంటూ హర్దొయో భార్య చేతిలోంచి టీ గ్లాసు అందుకున్నాడు. ఇవ్వడానికి వంగిన వుర్యాని మోకాలి లోపలివైపు పొడిచిన నొప్పిని పళ్ల బిగువున ఓర్చుకుని లేచింది. వేళాకోళాలు ఆమెకు కొత్త కావు. ఈసారి మాత్రం అందులో ఆలోచించదగ్గ సంగతి ఒకటుందనిపించింది: అసలు నడక తనకు ఎవరు నేర్పారు?

తల్లి వేలు పట్టుకుని నేర్చినది ఒక నడక. సోలో నగరంలోని ఈ ఇంటికి కోడలిగా వచ్చాక నేర్చినది మరొకటి. మామగారి తండ్రి రాజమందిరంలో కొలువు చేసినవాడు. ఆ కొలువు పోయినా పద్ధతులు ఇంట్లో మిగిలాయి. “పెద్దవాళ్లు కూర్చున్నచోట కోడలి తల వాళ్ల తలకన్నా పైకి లేవకూడదమ్మా,” అని అత్తగారు తొలిరోజే ఎంతో మెత్తగా చెప్పింది. నాటినుంచి ముందుగదిలో కుర్చీల ఎదుట దాటవలసినప్పుడల్లా వుర్యాని నడుము వంచి, మోకాళ్లు సగం మడిచి, కుడిచేయి నేలవైపు చాచి, అనుమతి వేడుతున్నట్టు నడిచింది. చేతుల్లో పళ్లెం ఉంటే ఆ చేయి చెప్పవలసిన వినయం కూడా మోకాళ్లే చెప్పేవి.

ఇప్పుడు ఆ మోకాలి లోపలి పొర అరిగిపోతోందన్నారు డాక్టర్లు. నడక మార్చుకుని దానిమీద భారం తగ్గించుకోకపోతే కత్తి తప్పదన్నారు.

ఆసుపత్రిలో నడక నేర్పే తియుర్మా సుమత్రా నుంచి వచ్చిన పిల్ల. మాట కటువు, చేయి మెత్తన. వుర్యాని కదలికలు కెమెరాలకు చిక్కి తెరమీద కనిపించేలా ఒంటినిండా మెరిసే చుక్కలు అంటించి, పిక్కకు అగ్గిపెట్టెంత పరికరం కట్టింది. “కాలివేళ్లు కాస్త లోపలికి తిప్పి నడవండమ్మా. మీ మోకాలికి అదే నప్పింది. నడక తప్పితే ఇది బుర్రుమంటుంది. తిట్టదులెండి, భయపడకండి.” తిట్టకుండా తప్పు చెప్పేది కూడా ఒకటుంటుందా అని వుర్యాని ముచ్చటపడింది. ఆరోజు అది చాలాసేపు మౌనంగానే ఉంది.

మరుసటి వారం వాన. కారులో దింపడానికి వచ్చిన హర్దొయో బయట తడవలేక లోపలికి వచ్చి, గోడవారన కుర్చీలో కూర్చున్నాడు. ఆరోజు వుర్యాని గది సగం దాటేసరికి పరికరం బుర్రుమంది. మళ్లీ నడిచింది, సరిగ్గా అక్కడే మళ్లీ. తియుర్మా చుక్కలు జారాయేమోనని కొత్తవి అంటించింది. మోకరిల్లి నేలంతా తడిమింది. చివరికి తెరమీద బొమ్మ నడిపించి చూసి, “అమ్మా, అక్కడ ఏదైనా పారేసుకున్నారా? వెతుకుతున్నారే!” అంది.

తెరమీద చుక్కల్ని కలిపే గీతలు మాత్రమే ఉన్నాయి. ముఖం లేదు, కట్టుబట్ట లేదు, ఇంటిపేరు లేదు. ఆ గీతల ఆడమనిషి హాయిగా నడిచి వస్తూ, ఒకచోట ఉన్నట్టుండి కుంగి, చిన్నదై, కొంతదూరం పోయాక మళ్లీ పెరిగింది. ఎవరీవిడ, ఎందుకలా కుంగింది అని వుర్యాని తెరకు దగ్గరగా జరిగింది. తరువాత తలతిప్పి గోడవారనున్న కుర్చీకేసి చూసింది.

“సార్, మీరు కాస్త బయట కూర్చుంటారా?” అంది తియుర్మా.

“నేనేం చేశానమ్మా? ఊరికే కూర్చున్నానంతే!” అని హర్దొయో నవ్వాడు. అతడు చెప్పింది అక్షరాలా నిజం. అతడు వెళ్లాక పరికరం ఒక్కసారి కూడా మోగలేదు.

ఇల్లు చేరాక వుర్యానికి ఇంట్లోవాళ్ల నడకలు గమనించడం ఒక అధ్యయనమైపోయింది. తల్లి ముందు హర్దొయో మెడ మాత్రం వంచుతాడు. మరిది వంగినట్టు అభినయిస్తాడు. అత్తగారి ముందు పిల్లలందరూ వంగుతారు. మరి నా ముందు ఎవరు వంగుతారు? ఎంత తరచి చూసుకున్నా ఒక్క దృశ్యమూ గుర్తురాలేదు. మొదట కోపం వచ్చింది; ఆపైన కారణం తట్టి కోపాన్ని కూడా మరచిపోయింది. వంగడానికి ఎదుట ఎవరో కూర్చుని ఉండాలి కదా. ఇన్నేళ్లలో ఆ గదిలో ఆమె ఎన్నడూ కూర్చోలేదు.

నెలనెలా జరిగే బంధువుల కూటమి ఈసారి వాళ్లింట్లోనే. ఇంట్లో సాధనకని తియుర్మా ఇచ్చిన పరికరాన్ని దుస్తుల మాటున పిక్కకు కట్టుకుని, టీ గ్లాసుల పళ్లెంతో వుర్యాని ముందుగదిలోకి వచ్చింది. కుర్చీల వరుస మొదలైనచోట మోకాళ్లు వాటంతటవే మడతపడబోయాయి, పరికరం బుర్రుమంది. ఆమె ఆగింది. వేళ్లు కాస్త లోపలికి తిప్పుకుని, నిటారుగా, గది పొడుగునా నడిచి వెళ్లి పళ్లెం బల్లమీద పెట్టింది.

“ఏమ్మా, మోకాళ్లు బాగైపోయాయా?” అత్తగారు తీయగా అడిగింది.

“లేదత్తయ్యా. బాగుచేసుకుంటున్నాను,” అని వుర్యాని వరుసలో ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుంది.

హర్దొయో అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, “పటికబెల్లం తేలేదేం?” అన్నాడు.

“వంటింట్లో, కిటికీ పక్క గాజుసీసాలో ఉందండీ.”

క్షణం తటపటాయించి అతడు లేచాడు. వంటింటికి దారి ఆమె కుర్చీ ముందు నుంచే. వుర్యాని గ్లాసు అందుకుని, ఎంతో కుతూహలంగా అతని మోకాళ్లకేసి చూసింది.