తడి గోడ

కిటికీ ఉన్న గది దక్కకపోతే వంటింటి పక్కనున్న చీకటి కొట్లోనే బతుకంతా తెల్లారిపోతుంది. చిన్నకోడలికి పొద్దుటినుంచీ అదే గుబులు.

అత్తగారు ముందురోజే తెగేసి చెప్పింది. "మీ ఇద్దరి రోజువారీ యుద్ధం నావల్ల కాదు. కిటికీ గది గోడమీద చెరో రంగు పట్టీ వేయించండి. సాయంత్రం చూస్తాను. ఏది లేతగా ఉంటే ఆ రంగే గదికి, ఆ గది వాళ్ళకే. ఆ తర్వాత నోరెత్తితే ఊరుకోను."

తోడికోడళ్ళిద్దరూ తెచ్చింది మీగడ రంగే. డబ్బాలు పక్కపక్కన పెడితే కవలపిల్లల్లా ఉన్నాయి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక చిన్నకోడలు పిల్లిలా గదిలోకి దూరింది. గోడమీద రెండు పట్టీలు. కింద టేపుతో అంటించిన చీటీలు: ఒకదానిమీద 'పెద్ద', ఇంకోదానిమీద 'చిన్న'. పెద్దకోడలి పట్టీ నిగనిగలాడుతోంది. లేతగా, పాలలా ఉంది. పక్కన తనది వెలవెలబోయింది.

మరుక్షణం చెయ్యి లేచింది. చీటీలు రెండూ పీకి అటుదిటు, ఇటుదటు అంటించేసి బయటపడింది.

సాయంత్రం అత్తగారు కళ్ళజోడు సవరించుకుని గోడకి దగ్గరగా నిలబడింది. ఎడమ పట్టీ చూసింది, కుడి పట్టీ చూసింది. కుడిదానిమీద వేలు పెట్టింది.

"ఇదే లేత. ఎవరిది? 'పెద్ద'. గది పెద్దదానిదే."

చిన్నకోడలు గబగబా గోడ దగ్గరికొచ్చి చూసింది. మధ్యాహ్నం పాలలా మెరిసిన పట్టీ ఇప్పుడు పక్కదానికన్నా ముదిరి కూర్చుంది. "అది నాది అత్తయ్యా!" అనేసింది.

"నీదైతే చీటీమీద నా పేరెందుకుందమ్మా?" అంది పెద్దకోడలు తాపీగా.

అత్తగారు విసుక్కుంటూ వెళ్ళిపోయింది.

పెద్దకోడలు దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "నా రంగే ముదురని దుకాణంలోనే తెలుసు. అందుకే పెయింటరుతో నీది పొద్దున్నే వేయించి, నాది భోజనాలప్పుడు వేయించాను. తడి మీదున్న రంగు లేతగా కనిపిస్తుంది, ఆరాక ముదురుతుంది. నీ చెయ్యి ఊరుకోదని నాకు తెలియదా?"

"అక్కా, నువ్వు మనిషివేనా?"

"చీటీలు మార్చింది నేనా?" అంటూ తలుపు తెరిచి పట్టుకుంది. "వెళ్ళు. నా గదిలో గాలి ఆడనివ్వు."