పెడల్ కింద తుమ్మచెక్క

తుమ్మచెక్కను మరొక్కసారి ఆకురాయితో రుద్ది, ఉఫ్‌మని ఊదాడు ఖలీలుల్లా. పొడి అతని తెల్లగడ్డంలోనే పడింది. కారు తలుపు తెరిచి, మోకాళ్ళ మీద కూర్చుని, తల లోపలికి దూర్చి, చెక్కను యాక్సిలరేటర్ పెడల్ కింద పెట్టి చేత్తో నొక్కి చూశాడు. పెడల్ ఇంకా పైనే ఆగిపోతోంది. చెక్క తీసి మళ్ళీ రుద్దాడు.

ఆ కొలత ఏ స్కేలు మీదా ఉండదు. పాత ఇంజను కారును ఎంత వేగంగా లాగేదో, ఈ కొత్త ఇంజను కూడా అంత దగ్గరే ఆగాలి. అంతకు మించితే ఆ కారును నిలిపే శక్తి దాని బ్రేకులకు లేదు. ఈ సంగతి పదిహేను రోజులుగా అందరికీ చెప్పాడు. మనుషులు వినలేదు కాబట్టి ఇప్పుడు చెక్కకు చెబుతున్నాడు.

అతనికి యాభై తొమ్మిదేళ్ళు. సన్నని మనిషి. చేతులు మాత్రం ఇంకెవరివో తెచ్చి తగిలించినట్టు పెద్దవి. కుడి బొటనవేలికి గోరు లేదు. ఏనాడో ఒక లారీ స్ప్రింగు పట్టీ కింద పడి పోయింది. ఎన్నిసార్లు సబ్బుతో రుద్దినా వేళ్ళ గీతల్లో నల్లనూనె పోదు. భార్య మస్తాన్‌బీ ఉన్నన్నాళ్ళూ శుక్రవారం నమాజుకు ముందు నిమ్మచెక్కతో రుద్ది ఆ గీతలు తెల్లగా చేసేది. ఆమె పోయి ఆరేళ్ళు. కిందటి వారం గొలుసు లాగి ఇంజను ఎత్తినప్పటి నుంచి అతని ఎడమ భుజం పీకుతోంది. వయసు వచ్చాక గొలుసులు బరువెక్కుతాయని సరిపెట్టుకున్నాడు.

ఆత్మకూరులో సోమశిల రోడ్డు పక్కన ఉన్న ఆ షెడ్డులో అతను చేరింది ఓబులయ్య కాలంలో. ఇప్పుడు షెడ్డు ఓబులయ్య కొడుకు కామయ్యది. మధ్యలో ముప్ఫై ఒక్క ఏళ్ళు గడిచాయి. అన్నేళ్ళకు అతనిదంటూ అక్కడ మిగిలింది ఒక స్టూలు. దానికి ఒక కాలు పొట్టి. కూర్చుంటే ఊగుతుంది. ఊరి బండ్లన్నీ బాగుచేసే మనిషికి ఆ కాలు సరిచేసుకునే తీరిక దొరకలేదు.

ఆ కారు జనార్దనయ్యది. సోమశిల కాలవ పనుల కాంట్రాక్టరు ఆయన. మూడేళ్ళ కిందట మద్రాసులో ఒక మిల్లు యజమాని కొడుకు దగ్గర కొన్నాడు. ఎర్రగా, నేలకు అంటుకున్నట్టు ఉంటుంది. రెండే తలుపులు, రెండే సీట్లు. నిజమైన శ్రీమంతుల కార్ల పక్కన నిలబెడితే అది బీదబంధువు. ఆత్మకూరు వీధిలో నిలబెడితే రెండు ట్రాక్టర్ల ఖరీదు. ఊరు దానికి కప్పకారు అని పేరు పెట్టింది. జనార్దనయ్య ఆ పేరు తన చెవిన పడనట్టే తిరిగేవాడు.

కిందటి చలికాలంలో ఉదయగిరికి పోతుండగా, దుత్తలూరు ఎత్తు మీద ఒక గొర్రెల లారీ ఆ కారును దాటిపోయింది. వెనక పలకల సందుల్లో మూతులు పెట్టి, వెనకబడిపోతున్న ఎర్రకారును గొర్రెలన్నీ ఎత్తు దిగేదాకా చూస్తూనే ఉన్నాయట. లారీ డ్రైవరు ఉదయగిరిలో గొర్రెలతో పాటు ఆ కబురు కూడా దించాడు. జనార్దనయ్య వియ్యంకుడి ఇంటికి చేరేసరికి ఆ పెద్దమనిషి గుమ్మంలోనే నిలబడి, “ఏం బావా, దారిలో గొర్రెలు బాగుండాయా?” అని అడిగాడు.

పెద్ద ఇంజను పెట్టాలన్న ఆలోచన అక్కడ పుట్టింది.

“నెల్లూరులో వ్యాను ఇంజను చూసి పెట్టినాను. దీన్లో బిగించు సాయిబూ” అన్నాడు జనార్దనయ్య, పదిహేను రోజుల కిందట షెడ్డుకు వచ్చి.

“ఇంజను దూరతాది సార్. బండి తట్టుకోదు” అన్నాడు ఖలీలుల్లా. “ముందుపక్క బరువు పెరగతాది. వాలులో ముక్కు కిందికి దూకతాది. పరిగెత్తేదానికి బలమిచ్చి, నిలిచేదానికి ఇయ్యకపోతే ఎట్టా? ముందు పెద్ద బ్రేకులు తెప్పించండి.”

“మద్రాసుకు రాసినాను. రెండు నెలలంట. వచ్చినాక వేద్దువులే.”

“అయితే ఇంజను కూడా అప్పుడే వేద్దాం సార్.”

“నువ్వు మెకానిక్కువా, పెళ్ళికొడుకు మేనమామవా? అన్నిటికీ వంక పెడతాండావే!”

కామయ్య పెద్దగా నవ్వాడు. జనార్దనయ్య వెళ్ళాక మాత్రం గొంతు తగ్గించి, “మనం కాదంటే ఎదురు షెడ్డోడు బిగిస్తాడన్నా. ఆ పనికి నెల్లూరు మెకానిక్కును కూడా పిలిపిస్తాడంట” అన్నాడు. అదీ నిజమే. వాళ్ళ చేతుల్లో పడితే బోల్టులు కూడా సగమే బిగుస్తాయి. తను చేస్తే బోల్టులన్నా గట్టిగా ఉంటాయి. ఆ కారు నడిపేది వహాబ్. ఖలీలుల్లా ఒక్కగానొక్క కూతురు జరీనా మొగుడు. జరీనాకు ఇప్పుడు ఏడో నెల.

అందుకని ఇంజను బిగించాడు. అందుకనే ఇప్పుడు చెక్క చెక్కుతున్నాడు.

ఈసారి పెడల్ సరిగ్గా తను అనుకున్న చోట ఆగింది. రెండు మరలు వేసి చెక్కను బిగించి, పైన రబ్బరు చాప పరిచాడు.

తొమ్మిదింటికి వహాబ్ వచ్చాడు. కాంట్రాక్టరు కుట్టించిన తెల్లబట్టలు, జేబులో దువ్వెన. చేతిలో జరీనా పంపిన టిఫిన్ క్యారియరు.

“నీకు ఉప్పు తక్కువేసిందంట, తిను” అని క్యారియరు స్టూలు మీద పెట్టాడు. స్టూలు ఊగింది. “ఇదొకటి! పోదామా మామా?”

ఇంజను విప్పిన ఏ బండినైనా అనుమసముద్రంపేట దర్గా దాకా తను పోయివచ్చిన తరవాతే యజమానికి అప్పగించడం ఖలీలుల్లా పద్ధతి. దర్గా వీధి మొదట్లో బండి ఆపించి, చక్కెర పొట్లం తీసుకుపోయి ఫాతెహా ప్రార్థన చదివించుకు వచ్చి, మొదటి చిటికెడు బండి నడిపేవాడి నోట్లో వేస్తాడు. హిందువుల బండ్లకూ అంతే. పొట్లం లేకుండా బండి తిరిగొస్తే తీసుకోనన్న రెడ్లు కూడా ఉన్నారు.

ఊరు దాటగానే వహాబ్ కాలు నొక్కాడు. ముఖం చిట్లించాడు.

“మామా, కాలు సగానికే ఆగిపోతాండాదే?”

“కొత్తగా బిగించిన ఇంజను. పదును పట్టేదాకా అంతే.”

బండి గురించి ఖలీలుల్లా అబద్ధం చెప్పడం అదే మొదలు. చెప్పాక కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

“మళ్ళా గొర్రెల లారీ ఎదురైతే ఏం చెయ్యమంటావు?”

“సలాం కొట్టి దారియ్యి.”

వహాబ్ నవ్వలేదు. ఆరోజు స్టీరింగు పట్టింది అతనే. ఉదయగిరి బస్టాండులో డ్రైవర్లు ఇప్పటికీ అతన్ని చూసి మేకలా అరుస్తారు. గొర్రె అరుపు వాళ్ళకు సరిగా రాదు.

తిరిగి వచ్చేటప్పుడు, రోడ్డు ఖాళీగా ఉన్న చోట, ఖలీలుల్లా ఉన్నట్టుండి “బ్రేకు వెయ్యి” అన్నాడు. కారు ముక్కు వంచి, ఈడ్చుకుంటూ పోయి నిలిచింది. అతను దిగి, టైరు గీత వెంట నడిచి, బారలతో కొలిచాడు. పాత ఇంజనుతో నిలిచేదానికంటే రెండు బారలు ఎక్కువ. చెక్క ఉండగానే రెండు బారలు. చెక్క లేకపోతే, దుత్తలూరు వాలులో, ఎన్ని బారలో అతను లెక్క కట్టలేదు. వచ్చి కూర్చుని, చక్కెర చిటికెడు తీసి అల్లుడి నోటికి అందించాడు. వహాబ్ చిన్నపిల్లవాడిలా నోరు తెరిచాడు.

పన్నెండింటికి జనార్దనయ్య వచ్చాడు. మర్నాడు ఉదయగిరిలో వియ్యంకుడి మనవరాలికి చెవులు కుట్టిస్తున్నారు. ఈ రాత్రికే అక్కడుండాలి. కారులో కూర్చుని బస్టాండు దాకా పోయి తిరిగి వచ్చాడు. దిగినప్పుడు మొహం కందగడ్డలా ఉంది.

“ఏంది సాయిబూ ఇది? కప్ప కప్పగానే ఉండాది! ఆ ఇంజను నిద్రపోతాండాదా?”

వహాబ్ వంగి, రబ్బరు చాప ఎత్తి, చెయ్యి పెట్టి చూశాడు. కాసేపు అలాగే వంగి ఉన్నాడు.

“చెక్క ఉండాది సార్” అన్నాడు.

“ఎవడు పెట్టినాడు?”

“నేనే సార్” అన్నాడు ఖలీలుల్లా. “బ్రేకులు వచ్చిన్నాడు తీస్తాను. లోపల కూర్చునేది నా బిడ్డ మొగుడు.”

“పక్కన కూర్చునేది నేను గదా! నాకు లేని భయం నీకేంది? తియ్యి.”

“నా చేత్తో తియ్యను సార్.”

షెడ్డు ముందు అప్పటికే పదిమంది చేరారు. కామయ్య ఎటూ చూడలేక గోడ మీద క్యాలెండరు చూస్తున్నాడు. వహాబ్ మొహం ఎర్రబడింది. “అందరి ముందరా నన్ను పసిబిడ్డను చేసినావు మామా” అని, స్క్రూడ్రైవరు తానే అందుకుని, రెండు మరలూ ఊడదీశాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. చెక్కను జనార్దనయ్య లాక్కుని రోడ్డు మీదికి విసిరాడు.

“కామయ్యా, చాదస్తం పట్టినోళ్ళను ఇంట్లో కూర్చోబెట్టు” అన్నాడు కారెక్కుతూ.

కారు అరిచింది. అంతవరకూ ఆత్మకూరులో ఎవరూ వినని అరుపు. దుమ్ము లేచి, తగ్గేసరికి రోడ్డు చివర ఎర్రచుక్క కూడా లేదు. చేరినవాళ్ళు ఈలలు వేశారు.

కామయ్య దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అతని కళ్ళు ఖలీలుల్లా చెప్పుల మీద ఉన్నాయి. “రేపట్నించి ఇంజన్లు నువ్వు ముట్టుకోవద్దులే అన్నా. పంచర్లు చూసుకుంటా ఉండు. నీకు మాత్రం ఈ కష్టం ఎందుకు.”

“అట్నేలే నాయనా” అన్నాడు ఖలీలుల్లా. ఓబులయ్య భుజం మీద కూర్చుని షెడ్డుకు వచ్చే నాలుగేళ్ళ కామయ్య అతనికి గుర్తొచ్చాడు.

రోడ్డు దాటి వెళ్ళి చెక్కను వెతికి తెచ్చుకున్నాడు. పైనుంచి ఏ చక్రమో పోయి ఒక అంచు నలిగింది. లుంగీతో తుడిచి, ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూసి, వంగి స్టూలు పొట్టి కాలి కింద దూర్చాడు. కూర్చున్నాడు. స్టూలు ఊగలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో మొదటిసారి గోడకు ఆనుకుని నిశ్చింతగా కూర్చోగలిగాడు.

పక్క బంకు చెంచమ్మ టీ తెచ్చింది. అడగకుండానే గ్లాసు అంచుదాకా పోసింది.

“ఏందన్నా మొగమంతా చెమటలు?”

“ఎండమ్మా.”

ఆమె నమ్మలేదు. వెళ్ళి తడిగుడ్డ ఒకటి పిండి తెచ్చి అతని చేతిలో పెట్టి, ఇంకేమీ అడగకుండా వెళ్ళిపోయింది. అడగనందుకు ఆమెను మనసులోనే దీవించాడు. తడిగుడ్డ మెడ మీద వేసుకున్నాడు. అతనికి ఆ రోజు అందిన చల్లదనం అదొక్కటే.

తరవాత రోడ్డు వైపు చెవి పెట్టి కూర్చున్నాడు. కారు ఇప్పుడు ఎక్కడుంటుందో నీడను బట్టి లెక్కవేసుకున్నాడు. ఎత్తు ఎక్కుతూ ఉంటుంది. దానికేం భయం లేదు, ఇంజను బాగా బిగించాడు. ఎక్కినవాడు దిగాలి. ఇప్పుడు దిగుతూ ఉంటుంది. వహాబ్ నోట్లో చక్కెర కరిగిపోయి ఉంటుంది. భుజంలోని పీకుడు మోచేతికి, మోచేతి నుంచి వేళ్ళకు దిగింది. టీ తాగుదామనుకుని, చెయ్యి లేవక, కాసేపాగి తాగుదాంలే అనుకున్నాడు.

పొద్దు వాలుతుండగా కారు తిరిగి వచ్చింది. అరవడం లేదు. రెండో గేరులో, ఎడ్లబండిలా వచ్చి షెడ్డు ముందు ఆగింది. కాలిన వాసన దానికంటే ముందే వచ్చింది. ముందు బంపరు సొట్టపోయి, దానిలో కంకర దుమ్ము ఇరుక్కుని ఉంది. వహాబ్ ఒక్కడే దిగాడు. తెల్లబట్టలు మట్టిబారి ఉన్నాయి. చుట్టూ చూసి, ఎవరూ లేరని నిశ్చయించుకుని, స్టూలు దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చున్నాడు.

“మామా, నువ్వు చెప్పినట్టే అయింది. పోయేటప్పుడు బాగానే పోయింది. అయ్య ఉదయగిరిలో దిగి, నన్ను ఇంటికి పొమ్మన్నాడు. వచ్చేటప్పుడు వాలులో బ్రేకు కాలికి దొరకలేదు. పక్కన రోడ్డోళ్ళు పోసిన కంకర కుప్ప ఉంటే దాని మీదికి ఎక్కించినాను. అది లేకుంటే… జరీనాకు చెప్పబాక. ఆ చెక్క మళ్ళా పెట్టు మామా. ఈసారి అయ్యకు కనపడకుండా పెట్టు.”

ఖలీలుల్లా గోడకు ఆనుకుని, తల కొంచెం రోడ్డు వైపు వంచి ఉన్నాడు. పక్కన నేల మీద టీ గ్లాసు నిండుగా ఉంది. మీగడ కట్టి, దాని మీద ఒక చీమ తిరుగుతోంది.

“మామా.”

మెడ మీది గుడ్డ ఎప్పుడో ఆరిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఖలీలుల్లాకు మట్టి ఇచ్చి వచ్చేసరికి, సాయంత్రానికల్లా కారు ఉదయగిరికి తెమ్మని జనార్దనయ్య కబురు. చావు సంగతి చెబితే, పాపం మంచి పనివాడు అన్నాడట. బంపరు సంగతి ఎవరూ చెప్పలేదు. వహాబ్ షెడ్డుకు వచ్చి తాళంచెవి తీసుకున్నాడు. స్టూలు ముందు ఆగాడు. వంగి, పొట్టి కాలి కిందికి చెయ్యి పోనిచ్చాడు.

“ఏంది వెతుకుతాండావు?” అన్నాడు కామయ్య లోపలి నుంచి.

“ఏం లేదు” అన్నాడు వహాబ్. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కాసేపటికి కారు అరుపు దుత్తలూరు వైపు మళ్ళి, సన్నబడి, వినిపించకుండా పోయింది.

ఖాళీ స్టూలు మూడు కాళ్ళ మీదా, అంచు నలిగిన తుమ్మచెక్క మీదా కదలకుండా నిలిచి ఉంది.